కణాలు లేని వరుస

మంగళవారం పొద్దున ఫోను మోగడం, దాని వెనకే జరిగిన పొరపాటు, గురువారం ఆ పొరపాటుకు రంగు రావడం. పోయిన వారం అక్కడ ఆగాం. ఈ కథను కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు చెప్పుకుని కదులుదాం.

పరిశోధన సంస్థ రెండో అంతస్తులో, నడవా చివర, కణాల గది ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిని చూసుకుంటున్న టెక్నీషియన్‌ను అందరూ అక్క అంటారు. పరీక్షకు వచ్చిన మందులను కణాల మీద వేసి చూడటం ఆమె పని. ప్రస్తుతం చూస్తున్నది ఒక వేరు. రికార్డుల్లో దాని పేరు ఏడో నంబరు. ఆ వేరు అక్క పుట్టింటిది. తాత ఇచ్చాడు, నాన్న ఇచ్చాడు, ఇప్పుడు అన్నయ్య ఇస్తున్నాడు. కీళ్ళు వాచినవాళ్ళకు కాచి పోసే మందు. రెండేళ్ళు వెంటపడితే గాని అన్నయ్య దాన్ని ల్యాబుకు ఇవ్వలేదు. ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగాడు.

"ఏదైనా తేడా వస్తే నువ్వు చెప్తావా, నేను పేపర్లో చదువుకోవాలా?"

"నేనే చెప్తాను, ముందు నీకే" అంది.

వచ్చే సోమవారం పన్నెండు మంది రోగులు ఏడో నంబరు క్యాప్సూలు మొదటిసారి మింగబోతున్నారు. ఆ వేరు కణాలను చంపదని రిపోర్టులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కింద అక్క సంతకం పెట్టాలి.

మంగళవారం ఆమె ప్లేటులో కణాలు వేస్తుండగా వదిన ఫోను చేసింది. జ్వరంగా ఉందంది, ఏం వేసుకోమంటావంది. ఫోను పెట్టేసి వచ్చాక అక్క ఒక వరుస దాటేసింది. ఆ వరుసలో కణాలు పడలేదు. మర్నాడు మిగతా వరుసలతోపాటు దానిలోనూ మందు పడింది. గురువారం రంగు మందు పడింది. బతికిన కణాలుంటేనే రావాల్సిన ఊదా రంగు ఆ వరుసలో కూడా వచ్చింది. మిషను అంకె చూపించింది. తొంభై నాలుగు శాతం సజీవం.

లేని కణాల్లో తొంభై నాలుగు శాతం బతికే ఉన్నాయన్నమాట.

*

శనివారం తొమ్మిదిన్నరకు అక్క ఇన్‌క్యుబేటర్ తలుపు తీసి రెండు ప్లేట్లు బయట పెట్టింది. పక్కన స్కాలరమ్మాయి నిలబడి ఉంది. ఏడో నంబరు మీద థీసిస్ రాస్తున్నది ఆ అమ్మాయే. ఐదో ఏడు నడుస్తోంది. గురువారం నుంచి ఆమె సరిగ్గా తినడం లేదని క్యాంటీన్ ఆయన అక్కకు చెప్పాడు.

ప్లేటు అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక. అందులో ఎనిమిది వరుసలు, వరుసకు పన్నెండు చిన్న గుంటలు. గుంటల్లో పెంచేవి ఒంటికి కాపలా కాసే కణాలు. పరాయిది ఏది లోపలికి చొరబడినా ముందుగా వచ్చి మింగేస్తాయి. అక్క వాటిని తిండిపోతులు అంటుంది. క్రిముల పైపొర నుంచి తీసిన పొడి కాస్త చూపిస్తే తిండిపోతులు రెచ్చిపోయి ఒక వాయువును వదులుతాయి. ఆ వాయువు ఎంతుందో గులాబీ రంగు చెబుతుంది. వాపు మొదలయ్యేది అక్కడే. ఏడో నంబరు వేస్తే గులాబీ సగానికి సగం తగ్గింది. అందరూ పండగ చేసుకున్నారు.

అయితే తిండిపోతులు శాంతించినా గులాబీ తగ్గుతుంది, చచ్చినా తగ్గుతుంది. అది తేల్చడానికే రెండో పరీక్ష. పసుపు రంగు మందు పోస్తే బతికిన కణం దాన్ని ఊదాగా మారుస్తుంది. గులాబీ తగ్గి ఊదా నిండుగా ఉంటే శాంతించినట్టు. రెండూ తగ్గితే చచ్చినట్టు. ఏడో నంబరుకు ఊదా ఎప్పుడూ నిండుగానే వచ్చింది.

ప్రతి ప్లేటులో ఆఖరి వరుసను ఖాళీగా వదలడం అక్క అలవాటు. అందులో కణాలు ఉండవు, కణాలకు పోసే ద్రవం మాత్రమే ఉంటుంది. మిగతా వరుసల్లోంచి దాని రంగును తీసేసి లెక్క కడతారు. ఆ ఖాళీ వరుసలో మందు వేయడం ఎప్పుడూ లేదు. మందు అంటే చిటికెడే వస్తుంది, దాన్ని ఉత్త నీళ్ళలో పారేయడం దేనికని. ఏడో నంబరుకు ముందు వచ్చిన మందులన్నీ ఫ్యాక్టరీలో తయారైన తెల్లటి పొడులు. వాటికి ఆ అలవాటు సరిపోయింది. వేరు రావడం ఇదే మొదటిసారి. అలవాటు మారలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఒక వరుసలో కణాలు, మందు. ఒక వరుసలో వేడి చేసి చంపిన కణాలు, మందు. ఒక వరుసలో కణాలు లేవు, మందు మాత్రమే. ఒక వరుసలో కణాలు, మందు లేదు. ఈ నాలుగూ చివరి అక్షరం దాకా నోటు పుస్తకంలో రాసి, పక్కన టైము వేసింది. శుక్రవారం మందు పడింది. శనివారం పొద్దున రంగు.

పసుపు మందు పోసి మూడు గంటలు ఆగాలి. ఈలోపు అదే మందు పడిన రెండో ప్లేటు పట్టుకుంది. దానికి మిషను అక్కర్లేదు, కళ్ళు చాలు.

"ఇన్నాళ్ళూ కళ్ళతో చూళ్ళేదా అక్కా మనం?" అంది స్కాలరమ్మాయి.

"చూశాం. అడుగున గోధుమరంగు మడ్డి కనిపించింది. వేరు మడ్డి అనుకున్నాం. దాని కింద ఏముందో చూడాలంటే కణాలు గీకి తీసి, కడిగి, లెక్కపెట్టాలి. మిషను అంకె ఇస్తుంటే ఎవరు గీకుతారు?"

"మీరే కదా గీకాల్సింది."

"నేనే. అందుకే ఇవాళ గీకుతున్నా."

గీకింది. కడిగింది. నీలం చుక్క కలిపింది. చచ్చిన కణం నీలాన్ని పీల్చుకుంటుంది, బతికినది బయటే ఉంచుతుంది. మైక్రోస్కోపు దగ్గర కూచుని రెండు చేతుల్లో రెండు క్లిక్ మిషన్లు పట్టుకుంది. ఎడమ చెయ్యి బతికినవాటికి, కుడి చెయ్యి చచ్చినవాటికి. మొదటి నిమిషం తర్వాత ఎడమ చెయ్యి నొక్కడం బాగా వెనకబడింది. స్కాలరమ్మాయి చప్పుడు విని లెక్క అర్థం చేసుకుంది.

"ఎంత?"

"వందకు డెబ్బై నాలుగు పోయాయి. నువ్వు కూచో. నా అంకె మర్చిపోయి లెక్కపెట్టు."

అమ్మాయి కూచుంది. లెక్కపెట్టింది. డెబ్బై ఒకటి అంది.

పన్నెండున్నరకు మొదటి ప్లేటు మిషనులోకి వెళ్ళింది. కాగితం బయటికి వచ్చింది. బతికిన కణాలున్న వరుసా ఊదా, చచ్చిన కణాలున్న వరుసా ఊదా, ఏమీ లేని వరుసా ఊదా. మూడు అంకెల మధ్యా తేడా చిటికెడు. పసుపును ఊదాగా మారుస్తున్నది కణాలు కాదు, ఆ వేరు.

"అక్కా, మీరు మళ్ళీ కణాలు వెయ్యడం మర్చిపోయారేమో" అంది అమ్మాయి. నవ్వబోయింది, రాలేదు.

"ఒకసారి మర్చిపోతే మతిమరుపు. రెండోసారి మర్చిపోతే దాన్ని ప్రయోగం అంటారు."

"నా ఐదేళ్ళ పని ఈ ఊదా మీద నిలబడి ఉంది."

"రంగు మీద నిలబడింది, కణాల మీద కాదు. ఇప్పుడు తెలిసింది. రాసేటప్పుడు ఇదీ రాద్దువుగాని."

"ఎవరు రాయనిస్తారు?"

అక్క కాగితాన్ని మడత పెట్టకుండా ఫైలులో పెట్టుకుని చేతి తొడుగులు విప్పింది.

*

పెద్దసారు గది కింది అంతస్తులో ఉంది. ఆయన ప్రాజెక్టుకు పెద్ద. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. బల్ల మీద రిపోర్టు తెరిచే ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పసుపు కాగితం అంటించి ఉంది.

"రండమ్మా. మూడింటికి ఫైలు అనుమతులిచ్చే కమిటీకి వెళ్ళాలి. మీదొక్కటే మిగిలింది."

అక్క ఫైలు తెరిచి ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని చదివారు. తొందర లేకుండా చదివారు, వెనక్కి తిప్పి మళ్ళీ చదివారు.

"మంగళవారం ఒక వరుస వదిలేశారని అమ్మాయి చెప్పింది. అది మీ పొరపాటు కదా?"

"మంగళవారంది పొరపాటేనండీ. ఇవాళ్టిది కాదు."

"ఒక్క ప్లేటు."

"ఒక్క ప్లేటే. అందులో పన్నెండు గుంటలు ఒక్క మాటే చెప్పాయి. అది కాక కళ్ళతో ఇద్దరం లెక్కపెట్టాం."

"ఎలుకలు ఆరు వారాలు తిన్నాయి. ఒక్కటీ చావలేదు. లావెక్కాయి కూడా."

"ఎలుకలకు పెట్టింది నీళ్ళలో పలచగా కాచిన సరుకండీ. వేరును స్పిరిట్‌లో నానబెట్టి సారం తీయడం అప్పటికి మొదలు కాలేదు. స్పిరిట్‌లో తీస్తే గులాబీ ఇంకా బాగా తగ్గుతోందని క్యాప్సూళ్ళకు అది తీసుకున్నాం."

"వేరు ఒకటే కదమ్మా."

"వేరు ఒకటేనండీ. అందులోంచి నీళ్ళు లాగేది వేరు, స్పిరిట్ లాగేది వేరు."

పెద్దసారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచడం ఆ భవనంలో ఎవరూ వినలేదు.

"పన్నెండు మంది పాత మందులు ఆపి పది రోజులైంది. వాళ్ళలో ఒకావిడ నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది. సోమవారం కోసం రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆవిడకు ఏం చెప్పమంటారు?"

"ఆలస్యమవుతుందని చెప్పండి. పాత మందు మళ్ళీ వేసుకోమనండి."

"చెప్పడం మీకు తేలిక."

"తేలిక కాదండీ. ఆ వేరు మా ఇంటిది. మా అన్నయ్య దగ్గర మందు పుచ్చుకునేవాళ్ళు ఊళ్ళో సగం మంది. ఇది బయటికి వస్తే రేపట్నుంచి వాళ్ళు మా అన్నయ్యను ఎలా చూస్తారో నాకు తెలుసు. అయినా చెబుతున్నాను."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని ఫైలులో అంకె మీద వేలు పెట్టారు.

"గుంటలో డెబ్బై పోయాయంటే ఒంట్లోనూ డెబ్బై పోతాయని కాదు."

"కాదండీ. పోవని కూడా కాదు. 'పోవు' అనే మాట కిందే నన్ను సంతకం పెట్టమంటున్నారు."

అక్క లేచింది.

"క్యాప్సూళ్ళ సీసా ఒకటి ఇప్పిస్తారా? అందులోది నేరుగా కణాల మీద వేసి చూస్తాను."

అల్మారా తాళం ఆయన దగ్గరే ఉంటుంది. లేచి తీశారు. సీసాలు రెండు వరుసలుగా ఉన్నాయి. పోయిన నెల సీసాల మీద చీటీలు అంటించింది అక్కే. పదిహేను అంటించింది. పన్నెండు రోగులకు, మూడు పక్కన పెట్టడానికి. ఇప్పుడు పద్నాలుగు ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ అలవాటు, చూడగానే లెక్క పడిపోయింది.

"ఒకటి తక్కువుందండీ."

"బయట పరీక్షకు పంపాం" అన్నారు పెద్దసారు.

బయటికి ఏది వెళ్ళినా అక్క రిజిస్టర్లోంచే వెళ్ళాలి. రిజిస్టర్లో ఆ మాట లేదు. అడుగుదామనుకుంది. ఆయన అప్పటికే అల్మారా మూసి తాళం జేబులో వేసుకున్నారు. ఆమెకు ఇవ్వాల్సిన సీసా ఇవ్వలేదు. మర్చిపోయారో, మానేశారో మొహం చూస్తే తెలియలేదు.

"మూడింటిదాకా టైముంది. ఆలోచించుకోండి" అన్నారు.

*

రెండూ నలభైకి గేటు నుంచి కబురొచ్చింది. వేర్లు తెచ్చినాయన సరుకు గదిలో ఉన్నాడని.

సరుకు గది మెట్ల కింద ఉంటుంది. ఒక తూకం, ఒక సిమెంటు గట్టు, గోడకు ఒక గడియారం. అన్నయ్య గట్టు మీద గోనెసంచి దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. చెల్లెల్ని చూసి సంచి మూతి విప్పాడు.

"చూసుకో. మూడేళ్ళు నిండిన వేరే తెచ్చా. చిన్నది పొరపాటున కూడా కొయ్యలేదు. ఏంటలా ఉన్నావు? తిన్నావా?"

"తింటాలే. కూచో అన్నయ్యా."

"కూచోమంటున్నావంటే ఏదో ఉంది."

అక్క ఇచ్చిన మాట ప్రకారం చెప్పింది. ఊదా రంగు సంగతి, లేని కణాల సంగతి, డెబ్బై నాలుగు సంగతి. అన్నయ్యకు కణాల చదువు లేదు, కానీ ఆమె చెప్పేటప్పుడు ఎక్కడా అడ్డు రాలేదు. అయ్యాక సంచిలోంచి ఒక వేరు తీసి, గోటితో తోలు గీరి, వాసన చూశాడు.

"అంటే మన నాన్న విషం పోశాడంటావు."

"నాన్న సంగతి నేననలేదు. స్పిరిట్‌లో తీసినది చంపుతోంది అన్నా. నువ్వు ఇంట్లో ఎలా చేస్తావో మొదట్నుంచి చెప్పు. ఒక్క మెట్టు కూడా వదలకు."

"నీకు తెలియందేముంది?"

"తెలియనిదానికి చెప్పినట్టు చెప్పు."

అన్నయ్య గట్టు మీదకు జరిగి కూచున్నాడు.

"రాత్రి నానేస్తాను. తెల్లారి ఆ నీళ్ళతోనే ఒక పొంగు రానిచ్చి, నీళ్ళు పారబోస్తాను. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి రెండు గంటలు సన్నటి మంట మీద..."

"ఆగు. మొదటి నీళ్ళు పారబోస్తావా?"

"పారబొయ్యక? ఆ నీళ్ళు మొక్క మొదట్లో కూడా పొయ్యం. నాన్న అయితే కుక్క మూతి పెడుతుందని బండ మీద పోసి నిలబడి కాపలా కాసేవాడు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ ముక్క చెప్పలేదేం?"

"మీరడిగారా? ఎక్కడ తవ్వావు, ఎప్పుడు తవ్వావు, ఎంత లోతున తవ్వావు, ఎండలో పెట్టావా నీడలో పెట్టావా, అన్నీ అడిగారు. నాలుగు పేజీల కాగితం నింపించారు. నీళ్ళ సంగతి అడిగే గడి అందులో లేదు. నేను వేరు ఇస్తున్నా, కషాయం ఇవ్వట్లేదు కదా. కాచుకోవడం మీకు తెలుసనుకున్నా. అంత చదువుకున్నవాళ్ళు, మొదటి నీళ్ళు ఉంచుకుంటారని ఎవడనుకుంటాడు?"

ఆ నాలుగు పేజీల కాగితం తయారు చేసింది అక్కే.

"అయినా నువ్వూ ఆ ఇంట్లోనే పెరిగావు కదా. చూళ్ళేదా?"

చూసింది. పెరట్లో నూతి పక్కన ఒక బండ ఉండేది. దాని మీద ఇనుప తుప్పు రంగులో పెద్ద మరక. చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగేది, బండ అంచున మాత్రం జానెడు మేర మొలిచేది కాదు. బడికి వెళ్ళేటప్పుడు ఆమె చెప్పులు ఆ బండ మీదే తొడుక్కునేది. పదేళ్ళు తొడుక్కుంది. ఇక్కడ గడ్డి ఎందుకు లేదని ఒక్కరోజు అడగలేదు.

"స్పిరిట్‌లో వేసి తీస్తే మీరు పారబోసేదీ వస్తుంది, ఉంచుకునేదీ వస్తుంది" అంది. "పారబోసేదే ఎక్కువ వస్తుందేమో. దాన్నే ఎండబెట్టి క్యాప్సూళ్ళలో నింపాం."

"అయితే నా మందుకేం కాలేదు కదా?"

"నీ మందు పరీక్షకే రాలేదు అన్నయ్యా. ఎలుకలకు పెట్టిన పలచటి కషాయం కూడా మొదటి నీళ్ళు పారబొయ్యనిదే. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. నువ్వు ఇక్కడికి వచ్చి నీ చేత్తో కాచాలి, నేను పక్కన రాసుకోవాలి."

"కాస్తా. దానికేం. నీ గ్యాసు పొయ్యి మీద సన్నటి మంట కుదురుతుందో లేదో." అన్నయ్య మొహం కాస్త తేలికపడింది. "సరే, ఇంకో మాట. మీ వదిన నీకు చెప్పమంది. మణికట్టు వాపు పూర్తిగా పోయింది. గడియారం బెల్టు రెండు కన్నాలు లోపలికి పెట్టుకుంటోంది. జాడీ మూతలు తనే తిప్పేస్తోంది."

"మంచిదే. జ్వరం తగ్గిందా? మంగళవారం ఫోను చేసింది."

"వస్తోంది, పోతోంది. నాలుగైదు రోజులుగా అంతే. వాపు మాత్రం లేదులే. నా కషాయానికి ఇరవై ఏళ్ళుగా లొంగని వాపు. నేనే కాస్త చిన్నబోయా, నిజం చెప్పాలంటే."

అక్క తూకం మీదకు సంచి ఎత్తబోతూ ఆగింది.

"నీ కషాయానికి కాకపోతే దేనికి తగ్గింది?"

"నెలైంది కషాయం మానేసి. రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడే పని తప్పింది అంది. మీ బిళ్ళలే వేసుకుంటోంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

"ఏ బిళ్ళలు?"

"గోధుమరంగువి. నీ చేతిరాత చీటీ ఉన్న సీసా. పోయినసారి వేర్లు తెచ్చినప్పుడు మీ సారు పిలిచి ఇచ్చారు. మీ ఇంటి వేరు, ముందు మీ ఇంట్లోనే వాడి ఎలా ఉందో చెప్పమన్నారు. నీకు తెలిసే ఇస్తున్నారనుకున్నా. నీ రాత ఉంది కదా దాని మీద."

పైన మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్ళీ పైకి వెళ్ళింది. అక్క సంచి వదిలేసి గట్టు మీద కూచుంది. గొంతు మామూలుగానే ఉంచింది.

"అన్నయ్యా, వదినకు ఒంటి మీద దెబ్బలేవైనా తగిలాయా ఈమధ్య? గాటు, పుండు, ఏదైనా?"

"అరచేతిలో ఒకటుంది. డబ్బా రేకు గీసుకుంది. తొమ్మిది రోజులైంది."

"మానిందా?"

"లేదు. అదే చిత్రంగా ఉంది." అన్నయ్య తన అరచెయ్యి తెరిచి, బొటనవేలి కింద గీత గీసి చూపించాడు. "తెగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. చీము లేదు. ఎర్రబడలేదు. చుట్టూ కొంచెం కూడా వాపు లేదు. వాపు లేదంటే మంచిదే కదా అని ఊరుకున్నాం."

అక్కకు గుంటలోని గోధుమరంగు మడ్డి కళ్ళ ముందుకు వచ్చింది. గాయం దగ్గరికి పరిగెత్తుకు రావాల్సిన తిండిపోతులు రాలేదు. అవి రాకపోతే ఎర్రబడదు, చీము పట్టదు, వాపు రాదు. మానడం కూడా రాదు.

"సీసాలో ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఎక్కడివి? నిన్న రాత్రితో అయిపోయాయి." అన్నయ్య లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "వేర్లు సోమవారం తెచ్చినా సరిపోయేది. ఇంకో సీసా కోసమే ఇవాళ వచ్చా. మూడింటికి తన గదికి రమ్మన్నారు మీ సారు. వస్తూ మీ వదినను కూడా వెంటబెట్టుకు రమ్మన్నారు. చూడాలిట. పైన ఆయన గది ముందు బెంచీ మీద కూచోబెట్టి వచ్చా."

గోడ గడియారంలో మూడుకు నాలుగు నిమిషాలుంది.